వారం మధ్యలో కూడా మందిరం తలుపు తెరవండి: కడప సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

కడప పట్టణంలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ ఉన్న సంఘాల కాపరి అయ్యగార్లకు, పాస్టరేట్ కమిటీ పెద్దలకు, స్త్రీల మైత్రి నాయకురాళ్లకు ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

మీ సంఘాల్లో ఒకదానికి చెందిన విశ్వాసిని నేను. వృత్తి రీత్యా స్టాఫ్ నర్సును. ఈ లేఖలో అడుగుతున్నది చిన్న సంగతే. ఆదివారం కాని రోజుల్లో కూడా పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు మందిరం తలుపు తెరిచి ఉంచండి. ఆ సమయంలో లోపల ప్రసంగం గానీ, పాట గానీ, మైకు గానీ లేకుండా, వచ్చినవారు దేవుని సన్నిధిలో ఊరికే కూర్చుని పోయే వీలు కల్పించండి. కమిటీలో చెప్పుకోవలసిన మాటను ఇలా బహిరంగంగా రాయడానికి కారణం ఉంది. ఇది ఒక్క సంఘం ఇబ్బంది కాదు. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వారైనా, బాప్టిస్టులైనా, పెంతెకొస్తు వారైనా, స్వతంత్ర సంఘాలైనా, నేను చూసినంతలో ఆరాధన ముగిసి జనం కదలగానే గేటుకు తాళం పడటం మన ఊళ్లో మామూలైపోయింది. కతోలిక సోదరుల దేవాలయాల్లో దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా వారు ఆరాధించే అప్పం) ముందు మోకరించడానికి వచ్చేవారి కోసం పగటిపూట తలుపు తీసి ఉంచే అలవాటు చాలాచోట్ల ఉంది. మిగిలిన మనకు ఆ అలవాటు ఎందుకు లేకపోయిందో పెద్దలు ఆలోచించాలి.

ప్రార్థన చేసేటప్పుడు నీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకొమ్మని ప్రభువు చెప్పిన మాట మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. ఆ వాక్యం మీద ప్రసంగం వినని విశ్వాసి మనలో ఉండరు. అయితే ఆ ప్రసంగం వింటూ కూర్చున్నవారిలో సొంతానికి ఒక గది, ఆ గదికి వేసుకోవడానికి ఒక తలుపు ఉన్నవారు ఎందరు? ఎర్రముక్కపల్లె వైపో, మాసాపేట వైపో రెండు గదుల పోర్షనులో అత్తమామలు, భార్యాభర్తలు, ఇంటర్ చదివే పిల్లలు కలిసి ఉండే ఇంటిని ఒకసారి మనసులోకి తెచ్చుకోండి. తెల్లవారకముందే కుళాయి వచ్చిందని బిందెల చప్పుడు, దాని వెనకే మిక్సీ, కుక్కరు, ఇంకా జడ వేసుకోని పిల్ల కోసం గుమ్మం ముందు స్కూల్ ఆటో హారను. రాత్రి టీవీ ఆగేసరికి కువైట్ నుండి ఫోను మొదలవుతుంది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుంది కనుక, అక్కడ యజమాని ఇంట్లో అంట్లు తోమి పడుకోబోయే తల్లి తన పిల్లలతో మాట్లాడాలంటే ఇక్కడ పిల్లలు నిద్ర ఆపుకొని కూర్చోవాలి. ఇటువంటి కుటుంబాలు మన సంఘాల్లో ఎన్ని ఉన్నాయో అయ్యగార్లకు నాకంటే బాగా తెలుసు. ఆ ఇంట్లో గది ఎక్కడుంది, తలుపు ఎక్కడుంది?

పాతకాలంలో మన సీమ ఇళ్లకు మిద్దె ఉండేది. పేతురు యొప్పేలో పగలు పన్నెండు గంటల వేళ ప్రార్థన చేయడానికి మిద్దె ఎక్కాడని అపొస్తలుల కార్యములు పదో అధ్యాయంలో చదివినప్పుడు, మట్టి మిద్దెల్లో పెరిగిన మన పెద్దలకు ఆ సంగతి విడమరచి చెప్పవలసిన పని ఉండేది కాదు. నిచ్చెన ఎక్కితే ఆకాశం, ఎండబెట్టిన మిరపకాయలు, పిలిస్తే గానీ ఎవరూ రాని చోటు. ఇప్పుడు అద్దె ఇళ్ల పైకప్పు ఇంటి యజమానిది. దాని మీద వాటర్ ట్యాంకులు, నాలుగు కుటుంబాల బట్టలు, చాలాచోట్ల మెట్లకు తాళం.

ఇల్లు ఇరుకైనప్పుడు మనిషి వెళ్లవలసిన చోటు మందిరమే. ఆ మందిరం మనకు ఇప్పుడు కార్యక్రమాల చోటుగానే తెలుసు. ఒక మామూలు వారం చూడండి. ఆదివారం ఆరాధన, సండే స్కూల్, మధ్యాహ్నం కమిటీ. వారం మధ్యలో స్త్రీల కూడిక. ఒక రాత్రి గృహ కూడిక. శుక్రవారం ఉపవాస ప్రార్థన. శనివారం యూత్ మీటింగు, కొయిర్ ప్రాక్టీసు. నెల మొదటి తేదీ ప్రార్థన, ఆల్ నైట్ ప్రేయర్, ఈస్టరుకు ముందు శ్రమకాలపు కూడికలు, మే నెలలో పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిలు బడి), ఉజ్జీవ సభలు, కోత పండుగ, డిసెంబరు పుట్టగానే ఇంటింటికీ క్యారల్స్ దీనికి అదనం. వీటిలో ఏ ఒక్కటీ చెడ్డది కాదు. ఒక్కొక్కటి మొదలుపెట్టినవారి భారం నిజమైనదే. కానీ అన్నిటికీ వచ్చేది ఆ పాతికమందే. చాపలు పరిచేది, టీ కాచేది, కుర్చీలు సర్దేది, రానివారికి ఫోన్లు చేసేది కూడా వారే. బేతనియలో మార్త విస్తారమైన పని పెట్టుకొని తొందరపడుతూ ఉంటే మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుందని లూకా రాశాడు. మనం మరియను గురించి ప్రసంగించి, ప్రసంగం అయ్యాక ప్రేమవిందుకు మార్తకు డ్యూటీ వేస్తున్నాం.

దీనికి తోడు సెల్‌ఫోను. సంఘం గ్రూపు, స్త్రీల గ్రూపు, ప్రార్థన అంశాల గ్రూపు, యూత్ గ్రూపు. తెల్లవారుజామునే పూల బొమ్మ మీద అచ్చయిన వాగ్దాన వాక్యం ఒకటే ముప్ఫై చోట్ల నుండి వస్తుంది, కింద ఆమేన్‌లు వరుస కడతాయి. ఆ వాక్యాన్ని ఎవరైనా చదివారో లేదో తెలియదు గానీ అందరూ పంపారు. రాత్రి పదింటి తర్వాత అత్యవసరమైన ప్రార్థన విన్నపం తప్ప మరేదీ గ్రూపులో పెట్టవద్దని అడ్మిన్లకు చెప్పడం పెద్దలకు పెద్ద పని కాదు.

లండన్ మిషనరీ సొసైటీ వారు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. ఈ రెండు వందల ఏళ్ల పైచిలుకు కాలంలో ఈ ప్రాంతపు సంఘాలు బడులు నడిపాయి, జమ్మలమడుగులో ఆసుపత్రి నడిపాయి, చదువుకు నోచుకోని వాడల్లో అక్షరాలు నేర్పాయి. పనిచేయడం మన రక్తంలో ఉంది, అందుకు నాకు గర్వంగానే ఉంది. అయితే మిషన్ ఆసుపత్రుల్లో ఓపీ తెరవకముందు స్టాఫ్ అంతా చాపెల్‌లో చేరి కాసేపు ప్రార్థించి, ఆ తర్వాతే వార్డులకు వెళ్లే పద్ధతి ఉండేదన్న సంగతి మనం మరచిపోకూడదు. ఆ పాతతరం వారికి పని తక్కువై ప్రార్థించలేదు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో చూడండి: సాయంకాలం పట్టణమంతా తలుపు దగ్గర కూడివచ్చింది, రోగుల్లో అనేకులను ప్రభువు బాగుచేశాడు, మరునాడు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ఒంటరిగా అరణ్య ప్రదేశానికి వెళ్లాడు. సీమోను వెతుక్కుంటూ వచ్చి, అందరూ నిన్ను వెదకుతున్నారని చెప్పినప్పుడు ఆయన ఆ గుంపు దగ్గరికి తిరిగి వెళ్లలేదు. వేరే ఊళ్లకు పోదామన్నాడు. ఎటు వెళ్లాలో తేలింది ఆ చీకట్లో చేసిన ప్రార్థనలోనే అని నా అభిప్రాయం. అదే సువార్త ఆరో అధ్యాయంలో, వచ్చేవారూ పోయేవారూ ఎక్కువై భోజనానికి కూడా తీరిక లేని శిష్యులను ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకొమ్మని ఆయనే పిలిచాడు. మన కాపరులు ఈ మాటను తమకు చెప్పినదిగా ఎప్పుడైనా తీసుకుంటారా అని నాకు సందేహం. రెండు మూడు ఊళ్ల సంఘాలు చూసుకుంటూ, ఒకే రోజు ఒక సమాధి కార్యక్రమం, ఒక నిశ్చితార్థం, ఒక గృహప్రతిష్ఠ ముగించుకొని మోటారు సైకిల్ మీద ఇల్లు చేరే అయ్యగారికి కూడా తెరిచి ఉన్న మందిరంలో ఎవరూ పలకరించని అరగంట దక్కాలి కదా.

మౌనంగా కూర్చోవడం మన పద్ధతి కాదనీ, ధ్యానం అనేది వేరే మతాల నుండి వచ్చిందనీ కొందరు పెద్దలు అనడం విన్నాను. ఆ జాగ్రత్త నాకు అర్థమవుతుంది గానీ ఆ అభిప్రాయంతో ఏకీభవించలేను. సాయంకాలమున ఇస్సాకు పొలంలో ధ్యానించడానికి బయలుదేరాడని ఆదికాండము ఇరవై నాలుగో అధ్యాయంలోనే ఉంది. యెహోవా తన పరిశుద్ధాలయంలో ఉన్నాడు, ఆయన సన్నిధిని లోకమంతా మౌనంగా ఉండాలని హబక్కూకు రాశాడు. మన తెలుగు నేల మీదే, 1938లో రాజమండ్రిలో బైబిల్ మిషను ప్రారంభించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడాన్ని, అంటే ఆయన కోసం ఎదురుచూస్తూ ఉండటాన్ని, విశ్వాసులకు క్రమంగా నేర్పించారు. ఆయన బోధలన్నిటితో మన సంఘాలు ఏకీభవించకపోవచ్చు. కనిపెట్టడం మాత్రం ఎవరి నుండో అరువు తెచ్చుకున్నది కాదు. మనసును ఖాళీ చేసుకొమ్మని ఇక్కడ ఎవరూ అడగడం లేదు. ఒక కీర్తన చదువుకొని, ఆ కీర్తనలో చెప్పిన దేవుని ముందు, అడగవలసినవన్నీ అడిగేశాక కూడా లేచి వెళ్లకుండా ఉండటం, అంతే.

ఇది సులువని నేను అనను. తలుపు తెరిచి ఉన్న మందిరంలో కూర్చున్నంత మాత్రాన శాంతి వచ్చి ఒళ్లో పడదు. మొదటి పది నిమిషాలు దేవుడు గుర్తుకు రాడు; చీటీ వాయిదా గుర్తుకు వస్తుంది, డ్వాక్రా కంతు గుర్తుకు వస్తుంది, కాలేజీ ఫీజు, గ్యాస్ సిలిండరు, నిన్న వార్డులో ఒకరు అన్న మాట, దానికి నేను చెప్పి ఉండవలసిన జవాబు వరుసగా వస్తాయి. వాటిని తోసేయకుండా ఒక్కొక్కటిగా దేవుని ముందు పెడుతూ పోతే అవే సన్నగిల్లుతాయి. చనుపాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణం నాలో ఉందని నూట ముప్ఫై ఒకటో కీర్తన చెబుతుంది. పాల కోసం ఏడ్చే పిల్ల కాదు అది, పాలు మానిన పిల్ల. తల్లి నుండి ఏమీ అడగకుండా తల్లి దగ్గర కూర్చోవడం వచ్చిన పిల్ల. ఆ మూడు వచనాల కీర్తన మీద కూడా మన ఉజ్జీవ సభల్లో ఒక్కసారి ఎవరైనా మాట్లాడితే బాగుండును.

పనిలో ఉండగా ప్రార్థించకూడదా అని అడుగుతారు. ప్రార్థించవచ్చు, ప్రార్థిస్తున్నాం కూడా. సబ్బుతో చేతులు కడుక్కోవడానికి నలభై నుండి అరవై సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అరచేయి అరచేతికి, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల కొసలు అని వాష్‌బేసిన్ మీద బొమ్మలు అంటించి ఉంటాయి. పరలోకప్రార్థనను తొందరపడకుండా లోలోపల చెప్పుకుంటే ఇంచుమించు అంతే సమయం పడుతుంది. ఒక పడక నుండి ఇంకో పడకకు వెళ్లే మధ్యలో నాకు దొరికే ఏకాంతం అది. మా అనుదినాహారం అనే చోటికి వచ్చేసరికి వేళ్ల సందుల దగ్గర ఉంటాను. ఎవరో సిస్టర్ అని పిలుస్తారు. అయినా ఆ నిమిషం నిలబడాలంటే వెనక ఎక్కడో ఒక గంట ఉండాలి. ఆ గంట లేని వారాల్లో చేతులు కడుగుతాను, మాటలు కూడా పెదవుల మీదికి వస్తాయి, అంతకు మించి ఏమీ ఉండదు. నైట్ డ్యూటీ దిగి ఎనిమిదింటికి బస్సు కోసం నిలబడే నావంటివారికి, దారిలో తెరిచిన తలుపు ఒకటి ఉంటే ఎంత తేడా ఉంటుందో మాటల్లో చెప్పలేను. ఇప్పుడు కనబడేది గేటు, దాని మీద ఆరాధన సమయాల బోర్డు.

బిడ్డలు లేక దుఃఖపడిన హన్నాను గుర్తుచేసుకోండి. ఆమె షిలోహు మందిరానికి వెళ్లింది ఏ కూడికకో కాదు. భోజనాలు అయ్యాక, తన దుఃఖం తనది కాగా, తానొక్కతే వెళ్లింది. తలుపు తెరిచి ఉంది. ఆమె పెదవులు కదిలాయి గానీ స్వరం వినబడలేదు. మందిర స్తంభం దగ్గర ఆసనం మీద కూర్చున్న ఏలీ ఆమె మత్తులో ఉందనుకొని గద్దించాడు. చప్పుడు లేని ప్రార్థన యాజకుడికే కొత్తగా తోచిందన్నమాట. కానీ ఏలీకి ఒక మంచి గుణం ఉంది: ఆమె చెప్పినది విన్నాడు, తన మాట మార్చుకొని, సమాధానంతో వెళ్లమని దీవించాడు. అన్నిటికంటే ముందు, అతడు ఆ పూట అక్కడ ఉన్నాడు, మందిరం మూసి ఇంటికి వెళ్లలేదు.

తలుపు తీయడం మాట వచ్చేసరికి కమిటీలో లేచే ప్రశ్నలు నాకు తెలుసు, అవి తీసివేయదగినవి కావు. మిక్సరు, కీబోర్డు, సౌండ్ బాక్సులు లక్షల మీద కొన్నవి, కానుకల పెట్టె ఉంది, కుక్కలు దూరతాయి, పనీపాటా లేనివారు ఫ్యాను కింద పడుకుంటారు, వాచ్‌మన్‌కు జీతం ఎవరిస్తారు? నా ఆలోచన ఇది. సామాను వెస్ట్రీలో (మందిరం పక్క గదిలో) పెట్టి దానికి తాళం వేయండి, పెద్ద తలుపులు కాకుండా పక్క తలుపు ఒక్కటే తీయండి. పొద్దున ఆరు నుండి తొమ్మిది, సాయంత్రం ఐదున్నర నుండి ఏడున్నర చాలు. రిటైరైన టీచర్లు, రైల్వే ఉద్యోగులు మన సంఘాల్లో తగినంతమంది ఉన్నారు. వంతుల వారీగా ఒకరు వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుంటే అది వారికీ ప్రార్థన సమయమే అవుతుంది. స్త్రీలు ఒంటరిగా వచ్చే చోటు కనుక ఆ కూర్చునేవారిలో ఒక స్త్రీ ఉండేలా చూడండి. ఫ్యాను కింద ఎవరైనా ఎండకు తాళలేక నిద్రపోతే పోనివ్వండి; మే నెల కడప ఎండలో నీడ కోసం దేవుని ఇంటికి వచ్చినవాడిని లేపి పంపడం మనకు మర్యాద కాదు. మన పెద్ద దర్గాకు వెళ్లి చూడండి, మతం ఏమిటని ఎవరూ అడగరు, గోడకు ఆనుకొని గంటసేపు కూర్చుని లేచిపోయేవారు కనబడతారు. మన మందిరాలు అలా ఎందుకు ఉండకూడదు?

ఆదివారం ఆరాధన గురించి కూడా ఒక మాట. ప్రసంగం ముగియగానే ప్రకటనలు మొదలుకాకుండా రెండు మూడు నిమిషాలు అందరం మౌనంగా ఉండేలా క్రమం పెట్టండి. మౌనం అంటే కీబోర్డు కూడా ఆగాలి. అయ్యగారు ప్రార్థిస్తున్నంతసేపూ కింద ఒక రాగం సాగుతూనే ఉండటం ఇప్పుడు అలవాటైపోయింది. మన పిల్లలు ఆ రాగం లేకపోతే ప్రార్థన మొదలుకాలేదనుకునే స్థితికి వచ్చారు. వాయించే తమ్ముళ్ల మీద నాకు కోపం లేదు, వారు శ్రద్ధగా నేర్చుకున్నారు, వారికి కూడా ఆ మూడు నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చునే హక్కు ఉంది. బయటి స్పీకర్ల సంగతి చట్టమే చెబుతోంది: 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు, ఆసుపత్రుల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలం. పడకల మీద ఉన్నవారి తరఫున దీన్ని గుర్తుచేస్తున్నాను, ఇంతకు మించి దీని గురించి రాయను.

పల్లె సంఘాల పరిస్థితి కొంత వేరు. తెల్లవారగానే కలుపుకో, పత్తి తీతకో వెళ్లే అమ్మలకు పొద్దుటి వేళ కుదరదు. అక్కడ దీపాలు పెట్టే వేళ మేలు. చాలా ఊళ్లలో తాళం చెవి సంఘపెద్ద ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంటుంది, అడిగితే ఇస్తారు. కానీ అడగాలంటే ఎందుకో చెప్పాలి, చెబితే ఊరంతా తెలుస్తుంది. భర్తతో గొడవపడి వచ్చిన మనిషి తాళం చెవి అడగదు, తీసి ఉన్న తలుపులోనికైతే వస్తుంది.

నా విన్నపం స్పష్టంగా ఉంచుతున్నాను. ఎప్పటికీ ఇలాగే జరగాలని ఇప్పుడే తీర్మానం చేయనక్కరలేదు. శ్రమకాలం మొదలయ్యే వచ్చే భస్మ బుధవారం నుండి ఈస్టరు వరకు, ఆ నలభై దినాలు ప్రయత్నించి చూడండి. శ్రమకాలంలో కొత్తగా ఒక కూడిక చేర్చే బదులు ఉన్నవాటిలో వారానికి ఒకటి ఆపి, ఆ సాయంత్రం తలుపు తీసి ఉంచండి. ఎవరు వచ్చారో రిజిస్టరులో రాయకండి, రానివారిని ఆదివారం అడగకండి, ఎంతమంది వచ్చారన్న లెక్క రిపోర్టులో చూపకండి. ఇద్దరే వస్తే ఇద్దరికే తీయండి. ఈస్టరు తర్వాత కమిటీలో కూర్చుని, పోయిన సామాను ఏమిటో, కరెంటు బిల్లు ఎంత పెరిగిందో చూసి నిర్ణయించవచ్చు. నా మట్టుకు నేను, నైట్ డ్యూటీ వారాల్లో పొద్దున ఎనిమిదిన్నర నుండి తొమ్మిది వరకు వాకిట్లో కూర్చునే వంతు తీసుకోవడానికి, తొమ్మిదింటికి తాళం వేసి చెవి అయ్యగారి ఇంట్లో అమ్మగారికి అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాను. మరో ముగ్గురు అక్కలు కూడా ఒప్పుకున్నారు, పేర్లు కమిటీ అడిగితే ఇస్తాం.

ప్రభువునందు మీ సహోదరి,
ఒక స్టాఫ్ నర్సు,
కడప.